గ్రినెల్ అంటే కార్నెల్ కాదు

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయికి అమెరికాలో ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఎర్లీ డెసిషన్ కింద సీటు వచ్చింది. చుట్టాల్లో, స్నేహితుల్లో ఒక్కరికీ ఆ కాలేజీ పేరు తెలియదు. ఇది నిజంగా పండగ చేసుకోవాల్సిన సంగతేనా?"

చేసుకోండి. ఇవాళే చేసుకోండి. ఆ రోజు మేం చేసుకోలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేముండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. మా అమ్మాయి అయోవా రాష్ట్రంలో గ్రినెల్ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సైన్సు, చరిత్ర, సాహిత్యం అన్నీ డిగ్రీ స్థాయిలో చెప్పే చిన్న కాలేజీ. గ్రినెల్ అలాంటిదే. దానికి ఉత్తరం వచ్చింది డిసెంబరు నడిమధ్యలో. ఎర్లీ డెసిషన్, అంటే సీటిస్తే అక్కడే చేరతామని ముందే మాటిచ్చి వేసే దరఖాస్తు, దాని మొదటి విడత ఫలితాలు సాధారణంగా అప్పుడే వస్తాయి. సరిగ్గా అదే సాయంత్రం మాకు తెలిసినవాళ్లింట్లో అయ్యప్ప పడిపూజ. డిసెంబరులో మా వైపు వారానికి రెండు మూడు ఇళ్లలో పూజ ఉంటుంది. కింద బేస్‌మెంట్‌లో పీఠం, మాలలో ఉన్న స్వాములు, శరణుఘోష. పైన వంటగదిలో మేం ఆడవాళ్లం. తలుపు దగ్గర నలభై జతల చెప్పులు, వాటి కింద కరిగిన మంచు నీళ్లు.

నేను అల్యూమినియం ట్రేలో పులిహోర కలుపుతున్నాను. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి నా వెనక నిలబడింది. "అమ్మా, వచ్చింది" అంది. ఫోను నా మొహం దగ్గర పెట్టింది. చేతులకు పసుపు నూనె, కళ్లజోడు లేదు, నాకు కనబడింది 'కంగ్రాచ్యులేషన్స్' అన్న ఒక్క మాటే. దాని చెయ్యి వణుకుతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

పక్కనే ఉన్న అక్క అడిగింది, "ఏంటి, కాలేజీయా? ఎక్కడ వచ్చిందమ్మా?"

"గ్రినెల్, ఆంటీ."

కిందినుంచి గంటలు, శరణుఘోష. ఆవిడకి సరిగా వినబడలేదు. "కార్నెలా! ఓ దేవుడా, కార్నెలట!" అని గట్టిగా అనేసింది. అంతే, వంటగది మొత్తం తిరిగింది. ఒకావిడ మా అమ్మాయి బుగ్గలు పట్టుకుంది. ఇంకొకావిడ "ఐవీ లీగ్ కదా వదినా, మీ కష్టం ఫలించింది" అంటూ నన్ను వాటేసుకుంది. కిందికి కబురు వెళ్లింది. గురుస్వామి గారు పిలిపించి దాని చేతిలో కొబ్బరికాయ పెట్టి దీవించారు. "కార్నెల్‌కి వెళ్తోంది స్వామీ" అని ఎవరో ఆయనకు చెప్పారు. మా ఆయన ఆ పక్కనే నిలబడ్డారు. ఆయనా దిద్దలేదు.

నేనూ దిద్దలేదు.

ఒక్క మాట చాలు. "కార్నెల్ కాదక్కా, గ్రినెల్, అయోవాలో ఉంది" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అంటే ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. "అదెక్కడ? కంప్యూటర్ సైన్స్‌ ర్యాంకు ఎంత? అర్బానా రాలేదా పాపం?" అర్బానా అంటే మా ఇల్లినాయ్ రాష్ట్ర యూనివర్సిటీ. ఆ 'పాపం' వినలేక ఊరుకున్నాను. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. నేను చూపు తిప్పుకుని పులిహోర ట్రే మీద ఫాయిల్ కప్పాను.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో అది వెనక సీట్లో కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి, "నేను మీకు సిగ్గుగా అనిపించే చోటికి వెళ్తున్నానా అమ్మా?" అంది. పదిహేడేళ్ల పిల్ల. నాలుగేళ్లు పొద్దున అయిదింటికి లేచి చదివిన పిల్ల. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రాత్రి పదకొండింటికి మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాను: "మా అమ్మాయికి వచ్చింది కార్నెల్ కాదు, గ్రినెల్. అది కోరుకున్న కాలేజీ ఇదే. మేం చాలా సంతోషంగా ఉన్నాం." రాసి దాని గదిలోకి వెళ్లి చూపించాను. చదివి ఏమీ అనలేదు, పక్కకు జరిగి చోటిచ్చింది. పొద్దున్నకి గ్రూపులో ఒకావిడ "అయోవాలో కార్నెల్ కాలేజీ అని కూడా ఒకటుంది, అదా?" అని అడిగింది. ఉంది, నిజమే. 1853 నాటిది. న్యూయార్క్‌లో అందరూ మొక్కే కార్నెల్ యూనివర్సిటీ 1865లో పుట్టింది. అయోవాది పన్నెండేళ్లు పెద్దది. మన వాళ్లలో ఎంతమందికి తెలుసు? పేరు తెలియకపోవడం కాలేజీ లోపం కాదు, మనకు తెలియదు, అంతే.

అసలు గొడవంతా ఆ 'ఆర్ట్స్' అన్న మాటతో. మనకు ఇంటర్‌లో నాటుకుపోయింది. ఎంపీసీ, బైపీసీ రానివాళ్లు సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుంటారని. లిబరల్ ఆర్ట్స్ అనగానే మా అత్తగారు ఫోనులో "బొమ్మలేసే కాలేజీయా?" అని అడిగారు. ఆవిడనేమీ అనను. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటూ, పెద్ద పెద్ద కంపెనీల్లో డైరెక్టర్లుగా చేస్తున్నవాళ్లు కూడా అదే అడిగారు, అదే నాకు కోపం. క్రిస్పర్ అనే జన్యు కత్తెరకు 2020లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది పొమోనా కాలేజీలో. అదీ లిబరల్ ఆర్ట్స్ కాలేజీయే. 1989లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న థామస్ చెక్ మా గ్రినెల్‌లోనే చదివాడు. ఇవి చెబితే "అవన్నీ పాతకాలం" అంటారు. మరి పాత పేర్లు పట్టుకుని వేలాడేది ఎవరు?

ఇంకోటి, ఈ దాపరికం. ఎక్కడెక్కడ అప్లై చేశారో ఎవరూ చెప్పరు, నరదిష్టి అంటారు. ఎర్లీ డెసిషన్ వేసిన సంగతి సొంత చెల్లెలికి కూడా చెప్పనివాళ్లని చూశాను. దానివల్ల జరిగేదేంటంటే, ముందు నడిచినవాళ్లకు తెలిసింది వెనక వచ్చేవాళ్లకు అందదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు కౌన్సెలర్లు వస్తారు. మేమూ ఒకాయనకు వేల డాలర్లు కట్టాం. ఆయన మా అమ్మాయి వ్యాసం చదివి, తాతయ్య గురించి రాసింది తీసేసి రోబోటిక్స్ గురించి రాయమన్నాడు. దానికి రోబోటిక్స్ అంటే పడదు. అది తీయలేదు, మంచిపని చేసింది. మా నాన్న డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రాత్రి డ్యూటీలో లాంతరు పట్టుకుని నిలబడే ఆయన గురించి రాసింది. ఆ వ్యాసం వల్లే సీటొచ్చిందని నా నమ్మకం, ఎవరేమన్నా సరే.

ఆ కాలేజీ దానికి ఎందుకు నచ్చిందో నాకు అక్టోబరులోనే అర్థమై ఉండాల్సింది. మొక్కజొన్న కోతల రోజుల్లో ముగ్గురం కారులో వెళ్లాం. అరోరా బాలాజీ గుడిలో దండం పెట్టుకుని ఐ 88 హైవే ఎక్కి, ఐ 80లో పడి మిసిసిపీ నది దాటితే వాల్కాట్ దగ్గర ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకునే ట్రక్ స్టాప్ వస్తుంది. అక్కడ ఇంటినుంచి తెచ్చిన దద్దోజనం తిన్నాం. అక్కడినుంచి ఇంకా పొలాలు, పొలాలు. మా ఆయన "ఇంత దూరం, ఇంత పల్లె" అని రెండుసార్లన్నారు. గ్రినెల్ ఊరి జనాభా తొమ్మిది వేల చిల్లర. తీరా వెళ్తే కాలేజీ మధ్యలోంచి రైలు పట్టాలు! మేం చూస్తుండగానే గూడ్సు వెళ్లింది. మా అమ్మాయి పట్టాల పక్కన నిలబడి తాతయ్యకి వీడియో కాల్ చేసింది. ఆయన పెట్టెలు లెక్కపెట్టారు.

ఆరోజు ఒక క్లాసులో కూర్చోనిచ్చారు. పదకొండు మంది, ఒక బల్ల చుట్టూ. నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో ఒక్కో సెక్షన్‌లో ఎనభై మందిమి ఉండేవాళ్లం. రెండేళ్లలో ఏ సారుకీ నా పేరు తెలియదు, నా రోల్ నంబరు తెలుసు. గ్రినెల్‌లో మొదటి ఏడు అందరూ తప్పనిసరిగా చేయాల్సింది ఒక్క ట్యుటోరియల్. అది తప్ప అందరికీ కలిపి రుద్దే సబ్జెక్టు లేదు. ఆ ట్యుటోరియల్ చెప్పిన ప్రొఫెసరే ఆ పిల్లకి సలహాదారు. మా అమ్మాయి ఇప్పుడు బయాలజీ, హిస్టరీ రెండూ చదువుతోంది. మొన్న సంక్రాంతికి దాని ప్రొఫెసర్ ముగ్గు ఎలా వేస్తారని అడిగి నేర్చుకుందట.

క్యాంపస్ చూపించిన కుర్రాడు ఒక కథ చెప్పాడు. ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడైన రాబర్ట్ నాయిస్ అక్కడే 1949లో డిగ్రీ పూర్తి చేశాడు. ట్రాన్సిస్టర్ వార్త 1948లో బయటికొచ్చిన కొత్తలోనే ఆయన ఫిజిక్స్ మాస్టారు గ్రాంట్ గేల్ దాని గురించి క్లాసులో పిల్లలకు చెప్పాడు. నాయిస్ చదువుకునే రోజుల్లో ఏదో విందు కోసం పక్క పొలంలో పందిని దొంగిలిస్తే, ఆ పొలం ఊరి మేయర్‌ది. పెద్ద గొడవై పూర్తిగా వెళ్లగొట్టే పరిస్థితి వస్తే, మాస్టారు అడ్డుపడ్డారు. ఒక సెమిస్టర్ బయట ఉండి తిరిగొచ్చాడు. ఎనభై మంది సెక్షన్‌లో రోల్ నంబరుగా ఉన్న పిల్లాడి కోసం ఎవరు అడ్డుపడతారు చెప్పండి?

ఇక డబ్బు. మీరు దీని గురించి అడగలేదు, అడగాల్సింది ఇదే. ఎర్లీ డెసిషన్ అంటే వస్తే వస్తామని పిల్ల, తల్లిదండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టేది. వచ్చాక వేరేచోట ఎంత ఆర్థిక సాయమిస్తారో పోల్చి చూసుకునే వీలు ఉండదు. ఇలాంటి కాలేజీల్లో ఏడాది ఖర్చు, రాసి ఉన్న ధర ప్రకారం, 80 వేల డాలర్లు దాటుతోంది. అందరూ అంతా కట్టరు. సంతకానికి ముందే కాలేజీ వెబ్‌సైటులో మన ఆదాయానికి సాయం పోను ఎంత కట్టాలో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ నింపి చూసుకోవాలి, 2011 నుంచి అది పెట్టడం చట్ట ప్రకారం తప్పనిసరి. మీరు చూసుకోకపోతే ఇప్పుడైనా సాయం ఉత్తరం చదవండి. నిజంగా చాలకపోతే ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ చేసి కాగితాలతో మళ్లీ చూడమనండి. అప్పటికీ కుదరకపోతే ఒప్పందం నుంచి బయటికి రావచ్చు, ఆ ఒక్క కారణాన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి.

తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతో పాటు ఇచ్చే హెచ్ 4 వీసా మీద ఉన్న పిల్లల సంగతి చెబితే కడుపు తరుక్కుపోతుంది. నాలుగో ఏట వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లని కూడా చాలా కాలేజీలు ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తాయి. పౌరులకు డబ్బు సంగతి చూడకుండా సీటిచ్చే చోట కూడా ఈ పిల్లలు ఎంత సాయం అడుగుతున్నారో చూసి నిర్ణయిస్తారు. మా వీధిలో ఒక పిల్ల, మా అమ్మాయికంటే బాగా చదివేది, అలాగే ఆగిపోయింది. మీ అమ్మాయి ఇండియా నుంచి వెళ్తున్నా ఇదే లెక్క. సాయంతో సహా సీటొచ్చిందంటే ఎంత పెద్ద విషయమో మీ చుట్టాలకు అర్థం కాదు, మీకైనా అర్థం కావాలి.

చివరిగా ఒక పని. ఎర్లీ డెసిషన్‌లో వచ్చాక మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. అది మీరు లాగిన్ అయి చేయకండి, అమ్మాయి చేతే చేయించండి, పక్కన కూర్చోండి. మాకు కష్టమైంది అర్బానాది. ఇల్లినాయ్‌లో ఉన్న తెలుగు తండ్రికి అర్బానా కంప్యూటర్ సైన్స్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఫలితం రాకముందే తీసేయాలి. మా ఆయన కుర్చీ తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నారు. మూడు రోజులుగా ఇద్దరికీ సరిగా మాటల్లేవు. అది బటన్ నొక్కింది. ఆయన తెర వైపు కాసేపు చూశారు.

"ఆ నాయిస్ వాళ్ల మాస్టారి పేరేమన్నాడమ్మా ఆ కుర్రాడు?"

"గ్రాంట్ గేల్, నాన్నా."

ఆ పేరు కాగితం మీద రాసుకుని తన గదిలోకి వెళ్లారు. రాత్రి ఒంటిగంటకి లేచి చూస్తే ఇంకా చదువుతున్నారు. పొద్దున్నే ఆఫీసులో ఎవరికో ఫోనులో చెబుతుంటే విన్నాను, "గ్రినెల్ అండీ. జీ, ఆర్, ఐ..." అని ఒక్కో అక్షరం విడివిడిగా.