డిఫెండర్‌గా కెరీర్ బాగుంటుందా? చెయ్యెత్తి నిలబడిన వాడి జవాబు

మీ తమ్ముడికి పదిహేనేళ్లు, ఫుట్‌బాల్‌లో నిన్నమొన్నటిదాకా గోల్స్ కొట్టే ఫార్వర్డ్, ఇప్పుడు కోచ్ గోల్ ముందు కాపలా కాసే సెంటర్ బ్యాక్‌గా మార్చాడు, అప్పట్నుంచి ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు, ఇందులో అసలు కెరీర్ ఉంటుందా అని అడిగారు. నన్నూ సరిగ్గా ఆ వయసులోనే మార్చారు. ఆ రాత్రి బూట్లు మంచం కిందికి విసిరేసి పడుకున్నాను. తర్వాత ఎనిమిదేళ్లు ఆ పొజిషనే నాకు అన్నం పెట్టింది. పెద్ద పేరేం లేదు, రెండో డివిజన్ దాటలేదు. అయినా టీవీలో కూర్చుని విశ్లేషించే మాజీ ఫార్వర్డ్‌లకన్నా నాకు ఈ పని గురించి ఎక్కువే తెలుసని నా గట్టి నమ్మకం.

ముందు మీ తమ్ముడి చేత ఆ 'బెస్ట్ ట్యాకిల్స్' వీడియోలు చూడటం మాన్పించండి. డిఫెండర్ అంటే నేలమీద జారుకుంటూ వెళ్లి బంతి లాగేసేవాడని పిల్లలు అనుకునేది వాటివల్లే. జారాల్సి వచ్చిందంటే రెండు సెకన్ల ముందు ఎక్కడో తప్పుచోట నిలబడ్డాడని లెక్క. నిజంగా బాగా ఆడిన డిఫెండర్‌ని మ్యాచ్ అంతా చూస్తే మీకు నిద్రొస్తుంది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు, మాటిమాటికీ మెడ తిప్పి వెనక్కి చూడటం, మిగతా టైమంతా అరవడం. మా పనిలో సగం నోటితోనే. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను.

సీజన్ చివర్లో ఒక మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు, కింది డివిజన్‌కి పోకుండా గట్టెక్కుతాం. 88వ నిమిషం, స్కోరు 0-0. వాళ్ల కార్నర్‌ని హెడర్‌తో బయటికి కొట్టి "అవుట్! అవుట్!" అని అరుస్తూ అందరినీ పెనాల్టీ బాక్స్ అంచుదాకా పరిగెత్తించాను. డిఫెండర్ల వరసని, అంటే లైన్‌ని, గోల్‌కి దూరంగా ముందుకు తేవడం నా బాధ్యత. వాళ్ల మిడ్‌ఫీల్డర్ బంతిని మళ్లీ లోపలికి ఎత్తాడు. వాళ్ల నంబర్ 9 నాకు రెండు గజాలు వెనకున్నాడు. పక్కా ఆఫ్‌సైడ్ అనుకున్నాను, అంటే బంతి అందించే క్షణానికి గోల్‌కీపర్ కాక మా చివరి డిఫెండర్‌కన్నా గోల్‌కి దగ్గరగా ఉన్నాడు, గోల్ కొట్టినా చెల్లదు. కుడి చెయ్యి నిటారుగా లేపి లైన్ రిఫరీ వైపు చూశాను. జెండా లేవలేదు. ఇంకాసేపు చూశాను. లేవలేదు.

అప్పుడు తల తిప్పితే కనబడ్డాడు మా లెఫ్ట్ బ్యాక్. గోల్‌కి ఆరు గజాల దూరంలో, పిక్క పట్టేసి, రెండు చేతులతో కాలు పట్టుకుని వెల్లకిలా పడున్నాడు. పడుకున్నా డిఫెండర్ డిఫెండరే, ఆఫ్‌సైడ్ లెక్కలోకి వస్తాడు. నేను "అవుట్" అని అరుస్తున్నంతసేపూ వాడు "ఆగండి" అని అరుస్తూనే ఉన్నాడట. నా గొంతులో వాడి గొంతు మునిగిపోయింది. నంబర్ 9 తీరిగ్గా ఛాతీతో బంతి దించుకుని గోల్‌కీపర్ పక్కనుంచి తోసేశాడు. నా చెయ్యి అప్పటికీ దిగలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో. ముందు ఆ నంబర్ 9 గాల్లోకి ఎగురుతున్నాడు, వెనకాల నేను బస్సు ఆపుతున్నవాడిలా చెయ్యెత్తి. ఏడాదిపాటు నేను డ్రెస్సింగ్ రూమ్‌లో అడుగుపెడితే చాలు, అందరూ కుడి చెయ్యి లేపేవారు. అంతకుముందు 87 నిమిషాల్లో ఆ నంబర్ 9 ఒక్కసారి కూడా గోల్ వైపు బంతి కొట్టలేకపోయాడు. ఆ సంగతి నాకూ వాడికీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

నాదంటే చిన్న క్లబ్. ఇటలీ మేటి డిఫెండర్ ఫ్రాంకో బరేసీకే ఈ గతి తప్పలేదు. 1994 ప్రపంచకప్‌లో నార్వేతో మ్యాచ్‌లో మోకాలి మెనిస్కస్ (కీలు మధ్య మెత్తటి మృదులాస్థి) దెబ్బతింటే, ఆపరేషన్ చేయించుకుని నాలుగు వారాలు తిరక్కుండానే ఫైనల్ ఆడాడు. ఎదురుగా బ్రెజిల్ ఫార్వర్డ్‌లు రొమారియో, బెబెతో. 120 నిమిషాల్లో ఒక్క గోల్ పడనివ్వలేదు. తర్వాత షూటౌట్‌లో మొదటి పెనాల్టీని బార్ మీదుగా కొట్టాడు. జనం చెప్పుకునేది ఆ పెనాల్టీ గురించీ, ఇటలీ తరఫున చివర్లో బాజియో మిస్ చేసిన పెనాల్టీ గురించీ. నాకూ అదే మెనిస్కస్ పోయింది, ఏడు నెలలు మంచానికీ జిమ్‌కీ మధ్య తిరిగాను. అందుకే ఆయన ఆ మ్యాచ్ ఎలా ఆడాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

అవార్డుల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ 1956లో మొదలై ఇన్నేళ్లయింది. పురుషుల్లో డిఫెండర్లకు దక్కింది బెకన్‌బావర్, జామర్, కనవారో, ముగ్గురికే. అందులో మొదటి ఇద్దరూ వెనకనుంచి బంతి తీసుకుని ముందుకెళ్లే లిబెరోలు. అచ్చంగా ఆపడమే పనిగా పెట్టుకున్నవాడికి ఇచ్చింది నా లెక్కలో 2006లో కనవారోకి ఒక్కడికే. ఎత్తు 176 సెంటీమీటర్లు మాత్రమే, మీ తమ్ముడు పొట్టిగా ఉన్నానని బాధపడుతుంటే ఈ మాట చెప్పండి. 2019లో లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్‌కి వస్తుందనుకుని రాత్రంతా మేలుకున్నాను. రెండో స్థానం ఇచ్చారు. ఇక హ్యాండ్‌బాల్ రూల్ సరేసరి. సొంత బాక్స్‌లో బంతి చేతికి తగిలితే పెనాల్టీ పడొచ్చు, అందుకే చేతులు వెనక్కి కట్టుకుని పరిగెత్తాలి. అలా పరిగెత్తి చూడండి, బ్యాలెన్స్ ఎక్కడుంటుందో.

మీ ప్రశ్నకొస్తే, అవును, కెరీర్ ఉంటుంది. పైగా ఫార్వర్డ్ కన్నా ఎక్కువకాలం ఉంటుంది. ఇటలీ డిఫెండర్ మాల్దినీ పదహారేళ్లకు మిలాన్ క్లబ్ తరఫున దిగి నలభై దాటాక 2009లో మానేశాడు. కుర్రతనంలో ఎడమవైపు పరిగెత్తినవాడు వయసు పెరిగేకొద్దీ మధ్యలోకి జరిగాడు. పోర్చుగల్ డిఫెండర్ పేపే 41 ఏళ్ల వయసులో 2024 యూరో ఆడాడు. డబ్బు కూడా ఇదివరకటికన్నా బాగా పెరిగింది, వాన్ డైక్ కోసం లివర్‌పూల్ 7.5 కోట్ల పౌండ్లు పెట్టింది. కింది స్థాయిలో మాత్రం ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు, ప్రతి వేసవిలో ఫోన్ కోసం ఎదురుచూపు, అదే టెన్షన్.

ఒక్క విషయంలో మాత్రం నాకు భయం. హెడర్లు. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు తిరగేసి 2021లో చెప్పిందేమిటంటే, మతిమరుపు లాంటి మెదడు జబ్బుల ముప్పు మామూలు జనంతో పోలిస్తే డిఫెండర్లకు దాదాపు ఐదు రెట్లు. గోల్‌కీపర్లకు మామూలు వాళ్లంతే. అదంతా పాతకాలం తోలు బంతుల గొడవ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. బంతి బరువు ఇప్పుడూ 410 నుంచి 450 గ్రాములే. ప్రాక్టీసులో రోజూ యాభై హెడర్లు కొట్టించే కోచ్ అయితే వెళ్లి మాట్లాడండి, మొహమాటపడకండి.

ఇక వచ్చే మ్యాచ్‌కి మీరు వెళ్లినప్పుడు బంతి వైపు చూడకండి. గోల్ వెనక నిలబడి మీ తమ్ముడి గొంతు వినబడుతోందా లేదా వినండి. పక్కవాడు అరిస్తే వాడు తల తిప్పుతున్నాడా, అదీ చూడండి. మా లెఫ్ట్ బ్యాక్ ఇప్పటికీ ఫోన్ చేస్తే హలో అనడు. "ఆగండి" అంటాడు.