వేడి లైను మీద ప్రోబ్ పెట్టే ముందు

చిట్టితల్లీ,

యూటీ, అదే శబ్ద తరంగాలతో లోహాన్ని పరీక్షించే చదువు, లెవెల్-2 పాసయ్యావనీ, వచ్చే నెల జామ్‌నగర్‌లో నడుస్తున్న వేడి పైపు లైన్ల గోడ మందం కొలవడానికి వెళ్తున్నావనీ మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. పట్టలేని సంతోషంతో మీ పెద్దమ్మని నిద్రలేపి చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

పెయింటు గీకడం, జెల్ రాయడం నీకు తెలిసినవే. తరంగాన్ని పంపి అందుకునే మామూలు ప్రోబ్ వేడికి పాడవుతుంది, పైపుకీ దానికీ మధ్య వేడి తట్టుకునే ముక్క, అదే డిలే లైన్, ఉన్నదే వాడు. రెండు మూడు సెకన్లు తాకించి తీసెయ్, చల్లారాక మళ్ళీ పెట్టు.

ప్రోబ్ తగిలించిన కొలత యంత్రం, ఆ గేజ్‌కి మందం తెలియదమ్మా. తరంగం లోపలి గోడకి తగిలి తిరిగొచ్చేందుకు పట్టిన సమయం ఒక్కటే తెలుసు. దాన్ని మనమిచ్చిన వేగంతో గుణించి సగం చూపిస్తుంది. మామూలుగా ఉక్కులో ఆ వేగం సెకనుకి సుమారు 5,900 మీటర్లు. ఉక్కు కాగితే బిగువు సడలి తరంగం నెమ్మదిస్తుంది, ప్రతి 55 డిగ్రీల సెల్సియస్‌కీ దాదాపు 1 శాతం.

ఇదంతా చదివుండీ, ముప్పయ్యో ఏట నేనేం చేశానో విను. పొద్దున ఏసీ గదిలో, మందం ముందే తెలిసిన ఉక్కు బ్లాక్ మీద గేజ్‌ని సరిచూసుకుని, అంటే కాలిబ్రేట్ చేసుకుని, 300 డిగ్రీల స్టీమ్ లైను ఎక్కాను. పైపు వంపు తిరిగే ఒక బెండ్ దగ్గర 6.2 మిల్లీమీటర్లు వచ్చింది. అంతకన్నా తగ్గితే పైపు మార్చాల్సిన హద్దు 6. సరేనని సంతకం పెట్టాను. గదికీ లైనుకీ ఉన్న దాదాపు 275 డిగ్రీల తేడాకి 5 శాతం తీసేస్తే అది 5.9 అని తట్టలేదు. వేడికి ఆలస్యంగా తిరిగొచ్చిన తరంగాన్ని గేజ్ ఎక్కువ మందంగా లెక్కేస్తుంది, పల్చబడ్డ పైపు బలంగా కనిపిస్తుంది. కొన్ని నెలలకి షట్‌డౌన్‌లో, చల్లారిన బెండ్‌ని ఇంకొకరు కొలిచి నన్ను పిలిచారు. ఎవరూ తిట్టలేదు. రోజూ ఆ బెండ్ కిందే క్యారేజీ విప్పుకునే హెల్పర్ కుర్రాడు నన్ను చూసి నవ్వుతూ చెయ్యూపాడు. నేను తిరిగి ఊపలేకపోయాను.

అందుకని పైపు ఉష్ణోగ్రత కొలవకుండా ఒక్క రీడింగూ రాయకు. అదే ఉక్కు బ్లాక్‌ని అంత వేడి చేసి దాని మీద కాలిబ్రేట్ చేస్తే మేలు. వీల్లేకపోతే లెక్కకట్టి సవరించు, గేజ్ చూపిందీ సవరించిందీ రెండూ రాయి. డిలే లైన్ కూడా వేడెక్కుతుంది, గేజ్ లెక్క మొదలయ్యే జీరోని మాటిమాటికీ చూసుకో. తొందరపెడితే మొండికెయ్. పాల గ్లాసు ముందు గంటసేపు నోరు తెరవని పిల్లవి, నీకు చాతకాదా!

ఫుల్ చేతుల కాటన్ షర్టే వేసుకో, జడ హెల్మెట్ లోపలికి దోపుకో. మొదటి రోజు రీడింగులు ఎంత రాత్రయినా ఫోన్లో చదివి వినిపించు. మెలకువగానే ఉంటాను.

పెదనాన్న