గ్యాస్ ప్రమాదం బిల్లు కోసం ప్లాట్ అమ్మే ముందు ఒక్క లెటర్ రాయండి

ప్రశ్న: మాది ఖమ్మం. నెల కింద పొద్దున్నే టీ పెట్టబోతే గ్యాస్ లీకై మా ఆవిడకి రెండు చేతులు, మెడ కాలాయి. బిల్లు 5.2 లక్షలైతే ఆఫీస్ ఇన్సూరెన్స్ 3 లక్షలు ఇచ్చింది, మిగతాది ఫ్రెండ్స్ దగ్గర తెచ్చి కట్టా. వాళ్లకి తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోనా, ప్లాట్ అమ్మేయనా? జీతం 42 వేలు.

జవాబు: ముందు మీ ఆవిడ త్వరగా కోలుకోవాలండి. ప్లాట్ మాట మాత్రం ఎత్తకండి, అవసరంలో ఉన్నోడు అమ్మితే కొనేవాడు చెప్పిందే రేటు. లోన్ కూడా ఆపండి, ఎందుకంటే మీకు రావాల్సిన డబ్బు ఇంకోటి ఉంది, దాన్ని మీరింకా అడగనే లేదు.

ఇండేన్, భారత్, హెచ్‌పీ ఏ కనెక్షన్ అయినా ఆ కంపెనీలు కస్టమర్ల కోసం పాలసీ తీసుకునే ఉంటాయి, మనం రూపాయి ప్రీమియం కట్టక్కర్లేదు. ప్రమాదానికి అసలు కారణం గ్యాసే అయితే ట్రీట్‌మెంట్‌కి మనిషికి 2 లక్షల దాకా, ప్రాణం పోతే 6 లక్షలు, రిజిస్టర్ అయిన అడ్రస్‌లో ఇల్లు, సామాను దెబ్బతింటే 2 లక్షల దాకా కవర్ ఉంటుంది. మీ చేతినుంచి పడింది 2.2 లక్షలు, క్లెయిమ్ పూర్తిగా పాసైతే మీ మీద మిగిలే భారం 20 వేలే. దానికోసమా ప్లాట్ అమ్మేది?

ఇప్పటికే నెలైంది కాబట్టి ఇక ఒక్కరోజు కూడా ఆగకుండా ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి, వాళ్లే ఆయిల్ కంపెనీకి, ఇన్సూరెన్స్ వాళ్లకి పంపాలి. కౌంటర్ దగ్గర కుర్రాడు అలాంటివేం రావండీ అన్నా వెనక్కి రావద్దు. పోలీస్ కంప్లైంట్ లేకపోతే ఇప్పుడైనా ఇవ్వండి. కాలిన ట్యూబ్, రెగ్యులేటర్ పారేయకండి, చూడ్డానికి వస్తారు. ఒరిజినల్ బిల్లులు ఆఫీస్ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఉండిపోయుంటాయి, వాళ్లనుంచి సెటిల్‌మెంట్ లెటర్, స్టాంప్ వేసిన బిల్లుల కాపీలు అడిగి తీసుకోండి. మెడికల్ షాపు బిల్లులు ఈరోజే జిరాక్స్ తీయించండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి చెరిగిపోతాయి.

ఇంకో మాట, ఇది మా పిన్ని విషయంలో కళ్లారా చూశా కాబట్టి గట్టిగా చెప్తున్నా. డిశ్చార్జ్ అవ్వగానే ఖర్చు అయిపోయిందనుకున్నాం. తర్వాత చర్మం బిగుసుకుపోయి వేళ్లు ముడుచుకుపోయాయి, ఏడాది పైగా బిగుతు గ్లవ్స్, ఫిజియోథెరపీ, ఆ తర్వాత మళ్లీ ఆపరేషన్, అన్నం కలుపుకోవడానికి కూడా పక్కన ఒక మనిషి ఉండాల్సి వచ్చింది. అందుకే మీ చేతిలో ఉన్నదంతా అప్పులకే ఊడ్చి ఇచ్చేయకండి, కనీసం 60, 70 వేలు పక్కన పెట్టుకోండి.

మీ ఆఫీస్ పాలసీ 3 లక్షలూ అయిపోయినట్టుంది కాబట్టి ముందు ముందు ఆపరేషన్ పడితే, ఆగొచ్చని డాక్టర్ చెప్తేనే సుమా, రెన్యూవల్ అయ్యాక పెట్టుకోండి, అప్పటిదాకా ఉద్యోగం మారొద్దు. అది అందం కోసం చేసే సర్జరీ అని క్లెయిమ్ కొట్టేస్తే ఒప్పుకోవద్దు, కాలిన గాయాల తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కి ఆ రూల్ వర్తించదని పాలసీల్లోనే రాసి ఉంటుంది, అవసరమని డాక్టర్‌తో రాయించుకోండి. అయినా వినకపోతే కంపెనీకి కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు చూసి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెట్టండి, ఫీజేం లేదు.

గ్యాస్ క్లెయిమ్ వచ్చేదాకా ఫ్రెండ్స్ ఆగలేమంటే పీఎఫ్‌లోంచి వైద్యానికని తీసుకోండి, తిరిగి కట్టే పని ఉండదు. చాలకపోతే ఇంట్లో బంగారం మీద బ్యాంకులో లోన్, మామూలుగా పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువే, డబ్బు రాగానే విడిపించుకోవచ్చు.

రేపు ఏజెన్సీకి గ్యాస్ బుక్కు, డిశ్చార్జ్ సమ్మరీ, లెటర్ రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో సహా సంతకం, స్టాంపు వేయించుకున్నాకే అక్కణ్ణుంచి కదలండి.