టెక్ సందేహాలు: పిస్టల్‌కు గాలి ఎక్కడ కొట్టించాలి?

ప్రశ్న: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తోంది. సిలిండరులో గాలి అయిపోయినప్పుడల్లా కోచ్ గారి దగ్గరికి పరుగెత్తాల్సి వస్తోంది. ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ చేసే ఒకాయన ఆక్సిజన్ నింపి ఇస్తానంటున్నారు. పోనీ, పంక్చరు దుకాణంలో కొట్టించవచ్చా? ఇంట్లో నింపుకోవాలంటే ఏం కొనాలి?
(ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: అమ్మా, ఆ వెల్డింగ్ ఆయనకు దండం పెట్టి వచ్చేయండి. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండే ప్రతి దానినీ ఎగదోస్తుంది. సిలిండరు వాల్వులో, పిస్టల్ లోపల గాలి పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరులో ఎంతో కొంత గ్రీజు ఉంటుంది. అధిక పీడనంతో ఆక్సిజన్ ఒక్కసారిగా దూసుకెళ్లి నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికి ఆ గ్రీజు అంటుకోవచ్చు. అప్పుడు పేలేది అమ్మాయి చేతిలోనే. కోవిడ్ రోజుల్లో తెచ్చి ఇంట్లో ఉంచుకున్న సిలిండరుకు కూడా ఇదే మాట. ఒళ్లంతా నలుపు, భుజాలు తెలుపు ఉంటే అది వైద్య ఆక్సిజన్. పిస్టల్ దరిదాపుల్లోకి రానివ్వకండి.

పంక్చరు దుకాణంతో ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. కారు టైరుకు 32 పీఎస్ఐ కొట్టిస్తాం, అంటే రెండు బార్లకు కాస్త ఎక్కువ (రెండూ పీడనం కొలతలే). దుకాణంలోని కంప్రెసరు ఎంత గట్టిదైనా ఎనిమిది, పది బార్ల దగ్గర ఆగిపోతుంది. మ్యాచ్ పిస్టల్ సిలిండరుకు సాధారణంగా కావలసింది 200 బార్లు, సుమారు 2,900 పీఎస్ఐ.

మిగిలిన దారులు మూడు: చేతి పంపు, చిన్న విద్యుత్ కంప్రెసరు, నీటి అడుగున ఈదే స్కూబా ఈతగాళ్లు ఊపిరి కోసం వాడే పెద్ద సిలిండరు. కొనేముందు మన ఊరి గాలి గురించి ఒక లెక్క చూడండి.

పిస్టల్ సిలిండరు లోపలి ఖాళీ డెసిలీటరు, అంటే 100 మిల్లీలీటర్లు అనుకుందాం. దానిని 200 బార్లకు నింపడమంటే 20 లీటర్ల మామూలు గాలిని అందులో కుక్కడం. వానాకాలంలో కృష్ణ ఒడ్డున 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆ 20 లీటర్ల గాలిలో దాదాపు అర గ్రాము నీరు ఉంటుంది. అంత చిన్న చోట ఆవిరిగా నిలవగలిగేది మూడు మిల్లీగ్రాములే. మిగతాదంతా నీరవుతుంది. పంపులోనో ఫిల్టరులోనో దానిని ఆపకపోతే సిలిండరు లోపలికి, అక్కడి నుంచి రెగ్యులేటరులోకి పోతుంది. లోపల తుప్పు, బయట ఒక్కో గుండుకు ఒక్కో వేగం. పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న ఆటలో అమ్మాయి తన చేతిని తిట్టుకుంటుంది, తప్పేమో చెమ్మది.

అందుకే నా ఓటు ఈతగాళ్ల సిలిండరుకు. దానిని నింపే పెద్ద కంప్రెసర్లు గాలిని ఆరబెట్టి, వడగట్టి పంపుతాయి, ఎందుకంటే ఆ గాలిని మనిషి పీల్చాలి. 200 బార్లు నిండిన పది లీటర్ల సిలిండరుతో పిస్టల్‌ను 100 బార్ల నుంచి నింపితే ఒక్కోసారికి పెద్ద దానిలో తగ్గేది ఇంచుమించు ఒక్క బారు. ముప్పయ్యోసారి కూడా 170 బార్ల దాకా ఎక్కుతుంది. 170 అనగానే కంగారు పడకండి. లోపలి రెగ్యులేటరు సుమారు 80 బార్లకు దిగేవరకు ప్రతి గుండునూ ఒకే బలంతో పంపుతుంది. 60 గుండ్ల పోటీకి, దాని ముందు సరిచూసుకునే గుండ్లకు అది చాలు. అడగాల్సింది మీ షూటింగ్ క్లబ్బును, లేదా అగ్నిమాపక సిబ్బంది వాడే శ్వాస సిలిండర్లు నింపేవారిని. పెద్ద సిలిండరు మీద చెక్కిన పరీక్ష తేదీ కూడా చూడండి. 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండరు మన దేశంలో గ్యాస్ సిలిండర్ల నియమాల కిందికి వస్తుంది. అది 300 బార్లదైతే మరీ జాగ్రత్త: వాల్వును వెంట్రుకవాసి తిప్పి, కన్ను మీటరు మీదే ఉంచి, 200 దగ్గర కట్టేయాలి.

ఏ దారిలో నింపినా నెమ్మదిగా నింపాలి. గబగబా నింపితే గాలి వేడెక్కుతుంది. 60 డిగ్రీల వేడిలో మీటరు 200 చూపించిందని మురిసిపోతే, 27కు చల్లారేసరికి 180 అవుతుంది. తిరగేసి చూస్తే, చల్లని గదిలో 200 నింపి మే నెల ఎండలో కారులో వదిలేసిన సిలిండరు 220 దాటుతుంది. వదలకండి.

నింపడం అయ్యాక గొట్టంలో మిగిలిన గాలిని బయటికి వదిలే చిన్న మర ఉంటుంది. ముందు దానిని విప్పాలి, తర్వాతే పిస్టల్ సిలిండరును తిప్పాలి. మొదటిసారి నేనిది మరిచిపోయి, బిగుసుకుపోయిందనుకుని స్పానరు కోసం వెతికాను. పక్కనున్న కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. చేత్తో రావడం లేదంటే లోపల ఇంకా పీడనం ఉందని అర్థం. గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలకు (ఓ-రింగులకు) సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. కుట్టుమిషను నూనె వద్దు.

చేతి పంపే కొంటానంటే కొనండి, చవక. మధ్య మధ్య ఆపి చల్లారనివ్వండి, ఆపినప్పుడల్లా నీటిని వదలండి. చెమ్మ పీల్చే సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి పోపు మూకుడులో మాత్రం వేయించకండి.

ప్రశ్న: పిస్టల్‌కు గాలి నింపుకోవడానికి ఆన్‌లైన్‌లో 12 వోల్టుల కంప్రెసరు కొన్నాను. కారు లైటర్ సాకెట్‌లో పెట్టగానే ఆగిపోయింది. పరికరం పాడైనట్టేనా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: చాలా వరకు పోయింది ఫ్యూజే. ఆ సాకెట్‌కు మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, అంటే 180 వాట్లు మించదు. మీ కంప్రెసరు మీద 250 వాట్లో, 300 వాట్లో రాసి ఉంటుంది చూడండి. దానికి 20 ఆంపియర్లకు పైనే కావాలి. ఇంజన్ నడుస్తుండగా, పెట్టెలో ఇచ్చిన క్లిప్పులను నేరుగా బ్యాటరీకి పెట్టండి, ఎరుపు ఎరుపుకే. తెర మీద అంకె బార్లలో ఉందో పీఎస్ఐలో ఉందో చూశాకే ఆగాల్సిన హద్దు పెట్టండి. మిర్చి యార్డు పక్కనే ఉంటానని రాశారు. ఆ ఘాటుకు మనిషే తుమ్మి తుమ్మి చస్తాడు, గాలి పీల్చే చోట ఫిల్టరు లేకుండా యంత్రాన్ని అక్కడ నడపకండి.

ప్రశ్న: పాత పిస్టల్ కొన్నాను. సిలిండరు మీద 2013 అని ఉంది. వాడవచ్చా?
(ఒక విద్యార్థి, విజయవాడ)

జవాబు: వాడకండి. చాలా కంపెనీలు సిలిండరుకు పదేళ్ల గడువే ఇస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం గడువులో ఉన్న సిలిండరు తెచ్చుకోవలసిన బాధ్యత క్రీడాకారుడిదే. గాలి పూర్తిగా వదిలేసి, ఇంకెవరూ నింపకుండా పక్కన పడేయండి. కొత్తది మీ పిస్టల్ కంపెనీదే, మీ మోడల్‌కు సరిపోయేదే కొనండి. డబ్బు పంపే ముందు దాని మీద ముద్రించిన నెల, సంవత్సరం ఫోటో తీసి పంపమని అడగండి. అల్మారాలో రెండేళ్లు పడి ఉన్న సిలిండరుకు మిగిలేది ఎనిమిదేళ్లే, ధర మాత్రం పదేళ్లదే చెబుతారు.