కొండ దిగొచ్చే చుట్టాలకు ఓవెన్‌లో ఏం చేసి పెట్టొచ్చు?

ఓవెన్ కొని మూడు నెలలైంది, రెండు కేకులు చేశాక గుడ్డ కప్పి పెట్టేశాను, ఇంటికొచ్చిన వాళ్లకు కేకులు కాకుండా కడుపు నిండేలా, ఎక్కువ హైరానా లేకుండా, వీలైతే గుడ్డు లేకుండా ఏం చేయొచ్చో చెప్పండి అని అడిగారు. మా ఇంట్లోనూ ఓవెన్ మీద ఏడాది పాటు గుడ్డ కప్పే ఉండేది, ఆ గుడ్డ మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు కూడా. తర్వాత దాన్ని ఎలా వాడుకలోకి తెచ్చానో రాస్తాను, పనికొస్తే తీసుకోండి.

మాది తిరుపతి, కొర్లగుంట. ఇక్కడ సొంతిల్లుంటే చుట్టాలకు కొదవుండదు. పెళ్లిలో ఒక్కసారి కనిపించిన వాళ్లు కూడా దర్శనానికి వస్తే "మీ ఇంట్లో దిగుతాం" అంటారు. రావడం సంతోషమే, చిక్కల్లా టైముతోనే. పొద్దున ఆరింటికి క్యూలో నిలబడిన వాళ్లు పదకొండుకు దిగొస్తారో, సాయంత్రం అయిదుకు దిగొస్తారో ఆ వెంకన్నకే తెలియాలి. వచ్చేసరికి మాత్రం ఆకలి నకనకలాడుతుంటుంది. అన్నం ముందే వండితే చల్లారిపోతుంది, పూరీలంటే వాళ్లొచ్చాక నేను పొయ్యి దగ్గరే నిలబడాలి. మాట్లాడే తీరిక ఉండదు.

ఓవెన్ వంటకాల్లో నాకు నచ్చింది ఇక్కడే. పని మొత్తం పొద్దున్నే అయిపోతుంది. గిన్నె ఫ్రిజ్‌లో కూర్చుని ఎదురు చూస్తుంది, మనం కాదు. కేకుల కోసమే ఓవెన్ కొన్నామనుకోవడం వల్లే అది మూలన పడుతుందని నా అభిప్రాయం. కేకు ఎన్నిసార్లని తింటారు?

మా ఇంట్లో ఎక్కువసార్లు చేసేది ఉర్లగడ్డ బేక్. అదేనండీ, బంగాళదుంప. ఆరుగురికి కిలో ఉర్లగడ్డలు కావాలి. తొక్కతోనే కుక్కర్‌లో పెట్టి, ఒక్క విజిల్ రాగానే దించేయండి. చాకు గుచ్చితే దిగాలి, గడ్డ మాత్రం చిట్లకూడదు. మెత్తగా ఉడికిపోతే చక్రాలు రావు, ముద్దయిపోతుంది. చల్లారాక తొక్క తీసి, బజ్జీలకు తరిగే దానికంటే కొంచెం మందంగా చక్రాలు కోసుకోవాలి.

ఇక అసలు పని వైట్ సాస్. వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు, పాలు ముప్పావు లీటరు. వెన్న కరిగాక సన్నటి మంట మీద మైదా వేసి రెండు నిమిషాలు తిప్పాలి. పచ్చి వాసన పోవాలి, రంగు మాత్రం మారకూడదు. అప్పుడు గిన్నెను పొయ్యి మీద నుంచి దించేయండి. ఈ దించడం మొదట్లో నాకెవరూ చెప్పలేదు, అందుకే మొదటి నాలుగుసార్లూ ఉండలు కట్టింది. కింద పెట్టి, గోరువెచ్చటి పాలు గరిటెడు పోసి కలిపి, అది నున్నగా అయ్యాకే ఇంకో గరిటెడు పోయాలి. మూడు నాలుగు గరిటెలు పట్టాక మిగతావి ధారగా పోసేయొచ్చు. మళ్లీ పొయ్యి మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతుంటే అయిదారు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె వెనక పూతలా పట్టుకుని, వేలితో గీస్తే గీత నిలబడితే చాలు, దించేయండి. ఫ్రిజ్‌లో ఎలాగూ ఇంకా గట్టిపడుతుంది. అప్పటికీ ఉండలు కట్టిందా? టీ వడకట్టే జల్లెడలో వడకట్టండి, ఎవరికీ తెలియదు.

ఇది మొదటిసారి చేసినప్పుడు ఉప్పు, మిరియాల పొడి మాత్రమే వేశాను. మా అత్తది బంగారుపాళ్యం వైపు పల్లెటూరు, రాగి సంగటి, ఊరిబిండి తిని పెరిగిన మనిషి. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇదేంది మే, ఉర్లగడ్డను పాయసం చేసినావా?" అనింది. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ రెండో చెంచా నేను తింటే ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. చప్పగా, పాల వాసనతో ఉంది. తర్వాతి సారి వెన్న కరగ్గానే, మైదా వేయకముందే, అరచెంచా ఆవాలు, నాలుగు సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేసి చిటపటలాడించాను. ఆ వెన్నలోనే మైదా వేయించాను. అంతే, వంటకం మన ఇంటిదైపోయింది. ఇంటర్నెట్‌లో చెప్పే జాజికాయ పొడి మాత్రం మానేయండి, ఉర్లగడ్డలో నాకది మందు వాసనే.

వెడల్పాటి గిన్నెకు వెన్న రాసి ఒక వరస చక్రాలు, దాని మీద సాస్, మళ్లీ చక్రాలు, మళ్లీ సాస్. పైన 100 గ్రాముల చీజ్ తురుము, రెండు బ్రెడ్ ముక్కల పొడి. మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు చాలు. మొజరెల్లా వేడిలో బాగా సాగుతుంది కానీ చల్లారితే రబ్బరే. వెన్నలో, చీజ్‌లో ఉప్పుంటుంది కాబట్టి సాస్‌లో చెయ్యి తగ్గించండి. 200 డిగ్రీల దగ్గర, పైన కింద రెండు రాడ్లూ ఆన్ చేసి, 25 నుంచి 30 నిమిషాలు. పైన గోధుమ రంగు మచ్చలు పడాలి, అంచుల్లో బుడగలు రావాలి. తీశాక పది నిమిషాలు ముట్టుకోకండి. వెంటనే గరిటె దించితే పులుసులా జారిపోతుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేవు కాబట్టి కొండకు వెళ్లొచ్చిన రోజు అవి తినని వాళ్లు కూడా తింటారు.

ఇక టైము సంగతి. "లడ్డూ కౌంటర్ దగ్గర ఉన్నాం" అని ఫోన్ వస్తే గిన్నెను ఫ్రిజ్ నుంచి బయట పెడతాను. "బండెక్కాం" అంటే ఓవెన్ ఆన్ చేసి పది నిమిషాలు వేడెక్కనిస్తాను. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద, మలుపుల మీద మలుపులు, ఎంత లేదన్నా నలభై నిమిషాలు పడుతుంది. అలిపిరి నుంచి మా ఇంటికి ఇంకో పదిహేను. వాళ్లు కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి గిన్నె బల్ల మీద ఉంటుంది. మీ ఊళ్లో కొండ లేకపోతే రైలు స్టేషన్ నుంచి లెక్క వేసుకోండి.

ఫ్రిజ్ నుంచి ముందే బయట పెట్టమంటున్నానంటే దాని వెనక ఒక అనుభవం ఉంది. ఒకసారి మా పెద్దాడపడుచు వాళ్లు ఏడుగురు వస్తున్నారు. ఫోన్ ఆలస్యంగా చూసుకుని, మంచులా ఉన్న గాజు గిన్నెను నేరుగా కాగిన ఓవెన్‌లో పెట్టాను. రెండు నిమిషాలకు టప్‌మని చప్పుడు. తలుపు తీస్తే గిన్నె సరిగ్గా మధ్యకు చీలి, సాస్ కింది రాడ్ మీద కారి పొగలు. గాజుకు వేడి తట్టుకునే శక్తి ఉన్నా, ఒక్కసారిగా చలి నుంచి వేడికి మారితే తట్టుకోలేదు. గాజు ముక్కలు పడ్డాయేమోనని కిలో ఉర్లగడ్డలూ చెత్తబుట్టలో పోశాను. ఆ రోజు చుట్టాలు తిన్నది నిమ్మకాయ చిత్రాన్నం, అప్పడాలు. ఏడుగురిలో ఒక్కరు కూడా ఏమీ అడగలేదు, ఇల్లంతా మాత్రం మాడు వాసన. అప్పటి నుంచి టైము లేకపోతే అల్యూమినియం గిన్నెలో చేస్తున్నాను. గాజు గిన్నె అయితే అరగంట బయట ఉండాల్సిందే.

ఇదే సాస్‌తో పిల్లలకు మకరోనీ చేయొచ్చు. ముప్పాతిక వంతు ఉడికిన మకరోనీ, వేయించిన టమాటా, క్యాప్సికం కలిపి, పైన చీజ్ వేసి 20 నిమిషాలు పెడితే చాలు. సాస్ కొంచెం పలచగా ఉంచండి, మకరోనీ పీల్చుకుంటుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, పిల్లలు ఎలా చేసినా తింటారు.

తీపి కావాలంటే, వేసవిలో మామిడి రవ్వ కేకు. కేకు వద్దన్నారని తెలుసు, ఇది మాత్రం వదలొద్దు. క్రీము, బీటరు గొడవ లేదు. చిత్తూరు జిల్లా అంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కదా, అక్కడికి పోయేది ఎక్కువగా తోతాపురి. ధర పడిపోయిన ఏడు మా మామగారు ఆ కాయలే రెండు బస్తాలు పంపించారు. కేకులో వేసి చూశాను, రంగు వచ్చింది గానీ వాసన తేలిపోయింది. ఇంట్లోకైతే బాగా మాగిన బేనీషా, అదే బంగినపల్లి, మేలు. సన్నటి బొంబాయి రవ్వ ఒకటిన్నర కప్పు, మామిడి గుజ్జు కప్పు, పంచదార ముప్పావు కప్పు, పెరుగు అరకప్పు, కరిగించిన నెయ్యి అరకప్పు, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. అన్నీ కలిపి అరగంట నాననివ్వండి. రవ్వ ఉబ్బి గట్టిపడితే పాలు చిలకరించి ఇడ్లీ పిండిలా చేసుకోవాలి. చివర్లో చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా వేసి, గబగబా కలిపి, వెంటనే ఓవెన్‌లోకి. ముందే కలిపి పెడితే సోడా పెరుగులో, మామిడిలో ఉన్న పులుపుతో కలిసి అక్కడే పొంగి అక్కడే చల్లారిపోతుంది. ఓవెన్‌లోకి వెళ్లాక పొంగడానికి ఏమీ మిగలదు. 180 డిగ్రీలు, 35 నుంచి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. నెయ్యి ఉంది కాబట్టి రెండో రోజే ఇంకా బాగుంటుంది, ముందు రోజు రాత్రి చేసి పెట్టుకోండి.

దారిలో తినడానికి కట్టిచ్చేది రాగి, చెనిక్కాయల (వేరుశనగల) బిస్కెట్లు. రాగిపిండి ఒక్కదానితో చేస్తే విరిగి పొడి పొడి అయిపోతాయి, సగం గోధుమపిండి కలపండి. బెల్లం పొడి, వెన్న, వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనిక్కాయలు కలిపి బిళ్లలు చేసి, 160 డిగ్రీల్లో 15 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టారో, చల్లారాక రాళ్లే. చల్లారితేనే గట్టిపడతాయి.

బన్నులు, పావ్ లాంటి ఈస్ట్ వంటలు ఇప్పుడే వద్దు. మా ఊరి మే ఎండకు పిండి అరగంటకే పొంగి పొర్లుతుంది, డిసెంబరులో గంటన్నరకు కూడా కదలదు. చుట్టాలొచ్చే రోజు ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకో రెండు మాటలు. ఓవెన్‌ను మామూలు ప్లగ్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్సుకో పెట్టకండి. 1500 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంప్స్ పవర్ ప్లగ్ కావాలి. బేక్ మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. ఉర్లగడ్డ బేక్‌కు పది నిమిషాలు పోయినా ఏమీ కాదు, కేకైతే కుంగుతుంది. డయల్ మీద అంకెను మరీ నమ్మొద్దు. మాది 180 దగ్గర పెడితే 200 వేడి ఇస్తుందని కేకు రెండుసార్లు మాడాక తెలిసింది. పైన త్వరగా ఎర్రబడుతుంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి.

మొదటిసారి ఎవరూ రాని ఆదివారం రోజు ఉర్లగడ్డతో మొదలుపెట్టండి, సగం కొలతలతో. తిన్నాక గిన్నె అంచులకు అంటుకున్నది పోవాలంటే వేడినీళ్లు పోసి గంట నానబెడితే చాలు. మా ఇంట్లో మాత్రం ఆ అవసరం రావడం లేదు. పాయసమని ఎగతాళి చేసిన మా అత్తే ఇప్పుడు అందరూ లేచేదాకా ఆగి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, చెంచాతో ఆ అంచులు గీకి గీకి తింటుంది. "ఈ అంచు మాత్రం ఎవురికీ పెట్టొద్దు" అని ముందే చెప్పి పెట్టింది.