ఫోన్‌కి వచ్చే వైఫై కొత్త ల్యాప్‌టాప్‌కి ఎందుకు రాదు?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో పదేళ్లు దాటిన రౌటర్ ఉంది. రెండు ఫోన్లకీ ప్రింటర్‌కీ నెట్ బాగానే వస్తోంది. కొత్తగా కొన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై పేరు కనిపిస్తుంది కానీ, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాదు. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయాలా, కొత్త రౌటర్ కొనాలా?

ఇప్పటికి ఆ రెండూ వద్దు. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, రౌటర్‌దీ కాదు, నాదే.

మా అమ్మాయి చదువు కోసం ల్యాప్‌టాప్ కొన్నాం. పెట్టె తెరిచిన సాయంత్రమే కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టడం, కాసేపు గుండ్రంగా తిరగడం, 'ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేకపోయాం' అని రావడం. పదిసార్లు అదే. "ఫోన్‌కి వస్తోంది కదా నాన్నా, దీనికెందుకు రాదు?" అని ఆవిడ ప్రశ్న. నాకూ అదే అనిపించింది. ఫోన్‌కి వస్తోందంటే రౌటర్ బాగున్నట్టే, కాబట్టి ల్యాప్‌టాప్‌లోనే ఏదో లోపం. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ మనల్ని తప్పుదారి పట్టించేది ఈ లెక్కే. ఫోన్లు ఎప్పుడో ఒకసారి కనెక్ట్ అయి, అప్పటి నుంచి అలా నడిచిపోతున్నాయి. కొత్తగా వచ్చిన దాన్ని రౌటర్ లోపలికి రానిస్తోందా అన్నది వేరే ప్రశ్న.

ఆ మొదటి రాత్రంతా ల్యాప్‌టాప్ మీదే పడ్డాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, నెట్‌వర్క్ సెట్టింగులన్నీ రీసెట్ చేశాను. చేయకుండా మిగిలింది ఒక్కటే, నిజానికి మొట్టమొదట చేయాల్సిందీ అదే: ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి చూడటం. వీలైతే హాట్‌స్పాట్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి, పాత రౌటర్లు ఎక్కువగా వాడేది ఆ బ్యాండే. హాట్‌స్పాట్‌కి కలిసిందంటే ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు బాగానే ఉన్నట్టు. ఇక దాన్ని వదిలేసి రౌటర్ సంగతి చూడండి. మర్నాడు పొద్దున నేను ఈ పరీక్ష చేస్తే అర నిమిషంలో కనెక్ట్ అయింది. రాత్రి నిద్ర పాడుచేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

రౌటర్ సెట్టింగుల పేజీకి వెళ్లడానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఇప్పటికే వైఫైలో ఉన్న ఫోన్‌లోని బ్రౌజర్ చాలు. ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. దాన్ని బ్రౌజర్ అడ్రస్ బార్‌లో కొడితే లాగిన్ అడుగుతుంది. ఎవరూ మార్చకపోయి ఉంటే ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తరచుగా రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీదే ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాస్‌వర్డ్ గుర్తులేదు కదా అని వెనకాల చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేసేయకండి. కొన్ని కనెక్షన్లలో నెట్ ఇచ్చే కంపెనీ వాళ్ల యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా రౌటర్‌లోనే ఉంటాయి. రీసెట్ చేస్తే అవీ పోతాయి, అప్పుడు ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. ఆ వివరాలు మీ దగ్గర రాసి ఉంటేనే ఆ పిన్ను ముట్టుకోండి.

సరే, పేజీ తెరిచాక వైర్‌లెస్ విభాగంలో మ్యాక్ ఫిల్టర్ అన్నది కనిపించింది. నొక్కి చూస్తే ఆన్‌లో ఉంది. కింద ఓ జాబితా: మా ఫోన్లు, ప్రింటర్, ఎప్పుడో అమ్మేసిన పాత కంప్యూటర్. ఎవరు పెట్టారంటారా? నేనే. ఏళ్ల క్రితం ఎవరో మా వైఫై వాడేస్తున్నారన్న అనుమానంతో, మేం చెప్పిన పరికరాలకే నెట్ ఇవ్వమని రౌటర్‌కి చెప్పి, ఆ సంగతే మరిచిపోయాను. పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. రౌటర్ పాపం చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. మరి ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి చెప్పే నాథుడు లేడు. 'మీ పేరు జాబితాలో లేదు' అని రౌటర్ అనదు, ఊరికే కాదంటుంది. విండోస్ దాన్ని 'కనెక్ట్ కాలేకపోయాం' అని మనకు చూపిస్తుంది.

కథ అయిపోయిందనుకున్నాను. ఫిల్టర్ కాసేపు ఆపి ల్యాప్‌టాప్‌ని కలిపాను. రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూసి, దాని మ్యాక్ అడ్రస్‌ని, అంటే గుర్తింపు సంఖ్యని, ఫిల్టర్‌లో చేర్చి, ఫిల్టర్ మళ్లీ ఆన్ చేశాను. చక్కగా పనిచేసింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదటికొచ్చింది.

దీనికి కారణం పట్టుకోవడానికి ఇంకో పూట పట్టింది. మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య. కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ దాన్ని దాచిపెట్టి, బదులుగా ఓ దొంగ నంబరు చూపించగలవు. మనం ఎక్కడెక్కడ వైఫై వాడామో ఎవరూ వెంటాడకుండా అన్నమాట. విండోస్‌లో దీన్ని రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అంటారు. అందులో రోజూ మార్చు అనే ఎంపిక కూడా ఉంది. కొత్త ల్యాప్‌టాప్ ఉత్సాహంలో ప్రైవసీ అని కనిపించిన ప్రతి బటన్‌నీ ఆన్ చేసిన మహానుభావుణ్ని నేనే కాబట్టి, అదీ ఆన్ అయింది. నేను రౌటర్‌లో రాసుకున్నది నిన్నటి నంబరు.

గుర్తుపట్టడం తేలికే. మ్యాక్ అడ్రస్‌లో ఎడమ నుంచి రెండో స్థానంలో 2, 6, ఎ (A), ఇ (E) లలో ఏదైనా ఉంటే, అది చాలావరకు ఇలా పుట్టించిన నంబరే. ఇంటి వైఫై వరకు ఈ సదుపాయం ఆఫ్ చేసుకోండి. బయట ఆన్‌లోనే ఉండనివ్వండి, మంచిదే.

నిజం చెప్పాలంటే తర్వాత నేను ఆ ఫిల్టర్‌నే తీసేశాను. మ్యాక్ అడ్రస్ గాల్లో బహిరంగంగా పోతుంది, కావాలనుకున్నవాడు దాన్ని చూసి కాపీ కొట్టగలడు. పొడవైన పాస్‌వర్డ్ చేసే పని అది చేయదు. ఇంట్లో వాళ్లకి మాత్రం బోలెడంత టెన్షన్.

మీ రౌటర్‌లో ఫిల్టర్ ఆఫ్‌లోనే ఉంటే, రెండో అనుమానితుడు సెక్యూరిటీ రకం. అదే పేజీలో వైర్‌లెస్ సెక్యూరిటీ చూడండి. పాత రౌటర్లలో మూడు తరాల వాళ్లు కలిసి కాపురం ఉంటారు: డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2. మొదటిది 1997 నాటి ప్రమాణంతో వచ్చింది, దాన్ని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. రెండోది 2003లో తాత్కాలిక మరమ్మతులా వచ్చింది, వైఫైలో వెళ్లే సమాచారానికి తాళం వేసే టీకేఐపీ అనే పద్ధతి దానిదే. మూడోది 2004లో ఏఈఎస్ అనే ఇంకా గట్టి తాళంతో వచ్చింది. ఇవాళ్టికీ ఇంట్లో వాడుకోవడానికి పనికొచ్చేది ఆ మూడోదే. డబ్ల్యూపీఏ3 2018 తర్వాతి సంగతి, మీ రౌటర్‌లో వెతకకండి. 2019 నుంచి విండోస్ డబ్ల్యూఈపీ, టీకేఐపీ నెట్‌వర్క్‌లకి సురక్షితం కాదని హెచ్చరిక చూపిస్తోంది. కొన్ని కొత్త పరికరాలు వాటితో అసలు మాట్లాడనే మాట్లాడవు. కాబట్టి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెట్టండి. టీకేఐపీ, ఏఈఎస్ రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ కూడా వద్దు.

ఇందులో నాకు అనుకోని లాభం ఒకటి దొరికింది. కనెక్ట్ అయ్యాక కూడా అమ్మాయి స్లోగా ఉందని సణుగుతూనే ఉంది. విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్ 54 ఎంబీపీఎస్ అని ఉంది. అది 2003 నాటి 802.11జీ అనే వైఫై ప్రమాణం వేగం. మా రౌటర్ దాని తర్వాతి 802.11ఎన్ రకం, ఇంకా వేగంగా వెళ్లాలి. సంగతేంటంటే టీకేఐపీ వాడినంతసేపూ ఎన్ వేగాలు ఇవ్వకూడదని ఆ ప్రమాణంలోనే నియమం. అప్పట్లో ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ కోసం టీకేఐపీ పెట్టి అలాగే వదిలేశాను. ఏఈఎస్‌కి మార్చగానే లింక్ స్పీడ్ 144కి చేరింది. పైసా ఖర్చు లేదు. ఇన్నేళ్లూ ఫోన్లు కూడా ఆ నత్తనడకే నడిచాయని తల్చుకుంటే నవ్వొస్తుంది.

దానికి కట్టిన పన్ను ప్రింటర్. సెక్యూరిటీ మార్చగానే అది పడిపోయింది. దాని చిన్న తెర మీద పాత నెట్‌వర్క్ తీసేసి, పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం బాణాలతో ఎంచుకుంటూ మళ్లీ కలపాల్సి వచ్చింది. అందుకే ఈ మార్పు ఎవరికీ అర్జంటు పని లేని పూట చేయండి.

కనెక్ట్ అయినట్టే చూపించి నెట్ రాకపోతే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌కి ఉండే నంబరు, చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ మీ ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. రౌటర్‌లో ఈ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనేచోట ఎన్ని అడ్రసులు ఇవ్వాలన్న పరిమితి మరీ తక్కువగా ఉంటే పెంచండి. ఇక వైఫై పేరే కనిపించని వాళ్లయితే ఛానల్, అంటే బ్యాండ్‌లో రౌటర్ వాడే దారి, చూసుకోవాలి. రౌటర్ 12 లేదా 13వ ఛానల్‌లో ఉంటే కొన్ని ల్యాప్‌టాప్‌లకి అది కనబడకపోవచ్చు, ఎందుకంటే ఆ ఛానళ్లకి అన్ని దేశాల్లో ఒకే నియమం లేదు. 1, 6, 11లలో ఒకటి పెట్టండి. మీకు పేరు కనిపిస్తోంది కాబట్టి ఇది మీ సమస్య కాదు.

రౌటర్ మార్చక తప్పని పరిస్థితి ఒకటుంది: సెక్యూరిటీ పేజీలో డబ్ల్యూపీఏ2 అన్న ఎంపికే లేకపోవడం. 2006 మార్చి నుంచి వైఫై సర్టిఫైడ్ ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 తప్పనిసరి చేశారు కాబట్టి, మీ పదేళ్ల రౌటర్‌లో అది ఉండే అవకాశమే ఎక్కువ.

ముందు హాట్‌స్పాట్ పరీక్ష, తర్వాత మ్యాక్ ఫిల్టర్, ఆపైన సెక్యూరిటీ రకం, ఈ వరసలోనే చూడండి. ఏదైనా మార్చే ముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మూడూ అయ్యాక కూడా కనెక్ట్ కాకపోతే హాట్‌స్పాట్‌తో ఏమైందో, సెక్యూరిటీ దగ్గర ఏం రాసి ఉందో ఇక్కడే రాయండి, చూద్దాం.