టేబుల్‌లో కనబడని పొలాలు

అమ్మడూ,

కాలువ భూసేకరణకు రైతుల టేబుల్ తీసే స్క్రిప్ట్ నువ్వే రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. ఆర్క్‌పైలో (ఆర్క్‌జీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌ను నడిపే పైథాన్ లైబ్రరీలో) టేబుళ్లను షరతుతో కలిపే మేక్ క్వెరీ టేబుల్‌కి ఇచ్చే ఫీల్డుల్లో, అంటే నిలువు వరుసల్లో, పొలం ఆకారం ఉండే షేప్ లేకపోతే మ్యాప్ మీద కనబడే లేయర్ రాదు, ఉత్త వరుసల టేబుల్ వ్యూ వస్తుంది. అది తాత్కాలికమే, వరుసలను కాపీ చేసే కాపీ రోస్‌తో ఫైల్ జియోడేటాబేస్‌లో (ఆర్క్‌జీఐఎస్ డేటా దాచే ఫోల్డర్‌లో) దాచుకో. డీబీఎఫ్ అనే పాతరకం టేబుల్ ఫైలు వద్దు, ఫీల్డు పేర్లు 10 అక్షరాలకే తెగిపోతాయి. సర్వే నంబరు టెక్స్ట్‌గానే ఉండాలి. 10/2 కనబడితే ఎక్సెల్ తేదీ చేసేస్తుంది. పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో రాస్తే ఊరుకోను.

ఇక నా తప్పు సంగతి.

నేనూ ఇలాంటి టేబులే తీశాను. పొలాల టేబుల్‌లో పట్టాదారు ఐడీ, పట్టాదారుల టేబుల్‌లో ఐడీ సమానం అని షరతు పెట్టాను. స్క్రిప్ట్ ఒక్క ఎర్రర్ లేకుండా నడిచింది. జాబితా ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాం. సాయంత్రం ఒక ముసలమ్మ గుడ్డసంచిలో పాస్‌బుక్ పట్టుకొచ్చింది. తనకు చదువు రాదు, పేరు చూసిపెట్టమంది. పైనుంచి కిందదాకా చదివాను. లేదు. "ఇంకోసారి చూడు బాబూ" అంది. మళ్లీ చదివాను.

ఆమె భర్త చనిపోయాడు. ఆయన పేరు రికార్డులోంచి తీసేశారు, ఈమె పేరు ఇంకా ఎక్కలేదు. ఆ పొలానికి ఐడీ గడి ఖాళీ. ఖాళీ గడి దేనితోనూ సమానం కాదు కదా, వరుస మొత్తం రాలిపోయింది. ఆమె ఒక్కతే కాదు, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఆగిన ప్రతి కుటుంబమూ పోయింది. అదే మ్యాప్ అయితే మధ్యలో తెల్లగా ఒక చెక్క ఖాళీ కనబడేది, నా కన్ను అక్కడ ఆగేది. టేబుల్‌లో పోయిన వరుసకు గుర్తే ఉండదు. పైవరుస, కిందివరుస అతుక్కుపోతాయి. జాబితా సరిచేసి అంటించేదాకా ఆమె రోజూ వచ్చి గోడ దగ్గర కూర్చునేది.

అందుకే చెప్తున్నా తల్లీ, మేక్ క్వెరీ టేబుల్ షరతు మీద ఆధారపడకు. పొలాల వైపు నుంచి లెఫ్ట్ జాయిన్‌తో (జత దొరకని పొలాన్నీ ఉంచే కలయికతో) డేటాబేస్‌లోనే వ్యూ (దాచిపెట్టిన క్వెరీ) రాసుకుని, దాన్ని టేబుల్‌గా తీసుకో. పేరు లేకపోయినా పొలం ఉంటుంది. ఉమ్మడి పట్టా ఉంటే ఒకే పొలం రెండుసార్లు వస్తుంది, కాబట్టి విస్తీర్ణం కూడేముందు చూసుకో. ముందూ తర్వాతా గెట్ కౌంట్‌తో వరుసలు లెక్కపెట్టడం సరిపోదు. తగ్గినవీ పెరిగినవీ కలిసి లెక్క సరిపోయినట్టే కనబడొచ్చు. వేర్వేరు సర్వే నంబర్లు ఎన్నో అసలు పొలాల టేబుల్‌లోనూ, నువ్వు తీసిన టేబుల్‌లోనూ లెక్కపెట్టు. టైమ్ లేదని ఇది మాత్రం వదిలేయకు, నా మీద ఒట్టు.

వేళకు తింటున్నావా? రాత్రుళ్లు కూర్చుని పని చేయకు. కానీ ఒక్క సర్వే నంబరు తేడా వచ్చినా, ఎంత రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న